పెట్రోలు కాలు, డీజిల్ బండి

2003లో మా నాయన ఇండికా డీజిల్ కారు కొన్న నాటికి మా ఇంట్లో కారు నడపడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. నాయనకు బాదేపల్లి మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం ఉండేది. పల్లికాయ రావడం మొదలైందంటే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు వైపు ఊళ్లన్నీ తిరిగి రైతులతో మాట్లాడుకుని రావలసి వచ్చేది. అప్పటిదాకా ఆ తిరుగుడంతా ఆర్టీసీ బస్సుల్లోనో, వెనక మెట్టు మీద మనుషులు వేలాడే కమాండర్ జీపుల్లోనో సాగింది. మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాక కారు తప్పనిసరి అయింది. కారు అనుకున్న మరుక్షణమే అది డీజిల్ బండే అని కూడా తేలిపోయింది. ఎందుకంటే ఆ రోజుల్లో లీటరు డీజిల్ ధర పెట్రోలు ధరలో ఇంచుమించు మూడింట రెండు వంతులే ఉండేది, పైగా లీటరుకు నడిచే దూరమూ ఎక్కువ. లెక్క రాసుకుని బతికే మనిషికి అంతకు మించిన కారణం అక్కర లేదు. అలా ఏపీ 22 నంబరుతో తెల్లటి బండి ఒకటి మహబూబ్‌నగర్‌లోని మా ఇంటి ముందు వేపచెట్టు కిందికి చేరింది.

నాకు వచ్చిన డ్రైవింగు మాత్రం పూర్తిగా పెట్రోలుది. మా మేనమామ దగ్గర పాత మారుతి 800 ఉండేది. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఆరున్నర క్వింటాళ్ల బరువు. ఇంధనం, దాన్ని గాలితో కలిపే కార్బురేటర్ గుండా పోయే కాలపు బండి. పొద్దున్నే చోక్ గుండీ బయటికి లాగి, సెల్ఫ్ కొట్టి, ఇంజను కాస్త వేడెక్కాక గుండీని మెల్లగా లోపలికి నెట్టాలి. ఆదివారాలు పిల్లలమర్రి రోడ్డు ఖాళీగా ఉండే వేళ మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాడు. ఆయన పాఠమంతా ఒక్క మాట చుట్టూ తిరిగేది: ముందు రేసు ఇవ్వు, ఇంజను గొంతు పెరగనివ్వు, ఆ తర్వాతే క్లచ్చి వదులు. రేసు తక్కువైతే బండి ఒక్క కుదుపుతో ఆగిపోయేది. గేరు మార్చడానికీ అదే పద్ధతి: ఇంజను సన్నగా, గట్టిగా పాడేదాకా ఆగి, ఆ పాట తారస్థాయికి చేరబోతుండగా పై గేరు వేయాలి. మామ బండిలో ఇంజను చుట్లు చూపించే మీటరు లేదు కనుక చెవే మీటరు. ఆ చిన్న ఇంజనుకు సత్తువంతా పై చుట్లలోనే ఉండేదని నాకు అప్పుడు తెలియదు. కాలు మాత్రం ఆ సంగతిని పట్టేసుకుంది.

ఇండికా వచ్చిన మొదటి పొద్దు నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. మార్గశిర మాసం, వాకిట్లో చలి. తాళంచెవి ఒక మెట్టు తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద చుట్టలు చుట్టిన తీగ బొమ్మతో పసుపుపచ్చ దీపం వెలిగింది. ఆ దీపం ఆరిపోయే దాకా ఆగాలని, ఆరకముందే సెల్ఫ్ కొడితే బండి మొరాయిస్తుందని నాయన పిలిపించిన డ్రైవర్ కాక చెప్పాడు. కొద్ది క్షణాల ఆ ఆగడం నాకు కొత్త. దీపం ఆరింది, సెల్ఫ్ కొట్టాను. ముందు బండి అటూ ఇటూ ఊగి, వెనక నుంచి బూడిదరంగు పొగ ఒక గుత్తి వదిలి, ఆపైన టకటక మంటూ కుదురుకుంది. సీటు, స్టీరింగు, గేరు కర్ర, అద్దంలో కనిపించే నా ముఖం అన్నీ సన్నగా వణుకుతున్నాయి. వసారాలో కూర్చున్న మా అవ్వ చెవి మీద చెయ్యి పెట్టుకుని, "ఏందిరా ఇది, బాయికాడి ఇంజన్ లెక్క కొడ్తున్నది!" అంది. కొత్త కారు కొన్న మురిపెంలో ఉన్న నాయనకు ఆ మాట అంతగా నచ్చలేదు గానీ, అవ్వ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మా తాత మడికట్టు కింద, కరెంటు మోటారు రాకముందు, ఐదు హెచ్‌పీ ఆయిల్ ఇంజను ఉండేది. చిన్నప్పుడు సెలవుల్లో దాన్ని నడిపించడం చూడటమే మాకు తమాషా. తాత ముందు ఇంజను నెత్తి మీది చిన్న లీవరును పైకెత్తేవాడు. దాంతో లోపలి వాల్వు తెరుచుకుని గాలి అడ్డు లేకుండా బయటికి పోయేది, హ్యాండిల్ తిప్పడం తేలికయ్యేది. రెండు చేతులా గిర్రున తిప్పి, బరువైన ఆ చక్రం ఊపందుకోగానే లీవరును దించేవాడు. లోపల చిక్కుకున్న గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి, గొట్టంలోంచి నల్లటి పొగ ఎగిరి, ఇంజను అందుకునేది. నిప్పు ఎక్కడిదని నేను అడిగితే తాత "అదే పుట్టిస్తది" అనేవాడు. ఆ మాటలోని నిజం ఇండికా నడిపేటప్పుడు గాని నాకు బోధపడలేదు. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నుంచి నిప్పురవ్వ వస్తుంది. అక్కడ గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని తొమ్మిది రెట్ల చుట్టూ కుదిస్తే సరిపోతుంది. డీజిల్ ఇంజనులో ప్లగ్గు రవ్వే లేదు. వట్టి గాలిని ఇరవై రెట్లకు పైగా కుదిస్తే ఆ ఒత్తిడికి అది తనంతట తాను వందల డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నోజిల్ నుంచి డీజిల్ చిమ్మగానే అంటుకుంటుంది. చలి పొద్దున లోపలి లోహం ఆ వేడిని తాగేస్తుంది కాబట్టి హీటర్ ప్లగ్గు ముందుగా వెచ్చ చేయాలి. పసుపు దీపం వెలిగింది అందుకే. ఇంజను గోడలు అంత మందంగా ఉండటం, ముందు భాగం అంత బరువుగా ఉండటం, కొట్టుడు అంత గట్టిగా ఉండటం అన్నీ ఆ ఒత్తిడి చలవే.

డ్రైవర్ కాక కొల్లాపూర్ దారిలో ఏళ్ల తరబడి జీపు నడిపిన మనిషి. పెట్రోలు బండి స్టీరింగు ఆయన పట్టిన పాపాన పోలేదు. నన్ను నడపమని పక్క సీట్లో కూర్చున్నాడు. నేను మామ చెప్పిన ప్రకారం మొదట రేసిచ్చి, ఇంజను అరుస్తుండగా క్లచ్చి వదలబోయేసరికి బండి కప్పలా గెంతింది. కాక ఏమీ అనకుండా తాళం తీసేసి, మళ్లీ స్టార్ట్ చేయించి, "బిడ్డా, నీ కుడికాలు కింద పెట్టు. ఊకె క్లచ్చి ఇడువు" అన్నాడు. రేసు లేకుండా క్లచ్చి వదిలితే ఆగిపోతుందని నేను. "దాని ఈడ్పు దానికుంటది, నువ్వు జర ఇడిచి సూడు" అని ఆయన. కుడికాలు నేల మీద ఆనించి ఎడమకాలిని వెంట్రుకవాసి చొప్పున పైకి తెస్తే, ఒకచోట ఇంజను శబ్దం కాస్త బొంగురుపోయి, బండి ముక్కు కొద్దిగా పైకి లేచి, ఎవరో వెనక నుంచి నెట్టినట్టు నడక మొదలైంది. మనిషి పక్కన నడుస్తూ మాట్లాడగలిగేంత మెల్లగా, ఏ పెడలూ తొక్కకుండా, వేపచెట్టు నుంచి వీధి మలుపు దాకా పోయింది.

తర్వాత తెలిసింది దాని కిటుకు. డీజిల్ పంపులో గవర్నరు అనే భాగం ఉంటుంది. బరువు పడి ఇంజను చుట్లు తగ్గబోతే, అది తనంతట తానే ఇంకాస్త డీజిల్ పంపి చుట్లను నిలబెడుతుంది. మామ బండి కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. అక్కడ ఆ పని నడిపేవాడి కాలు చేయాలి. నా చేతకానితనం అనుకున్నది నిజానికి నేర్చుకున్న బండి తేడా. బాదేపల్లి యార్డులో బస్తాల మధ్య, హమాలీలు అడ్డం వచ్చే చోట, మెట్టుగడ్డ దగ్గర సాయంత్రపు రద్దీలో, బోయపల్లి రైల్వే గేటు తెరుచుకున్నాక బండ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కదిలే వేళ ఆ ఈడ్పు ఎంత సుఖమో నడిపినవారికే తెలుసు.

గేర్ల సంగతి మాత్రం అంత త్వరగా లొంగలేదు. నా చెవికి అలవాటైన పాట కోసం నేను రెండో గేరులో కాలు అదిమి ఎదురుచూస్తే, ఇండికా పాడటానికి బదులు మొత్తుకునేది. శబ్దం పెరిగేది గాని వేగం పెరిగేది కాదు. 1405 సీసీ, నాలుగు సిలిండర్లు, గాలిని బలంగా లోపలికి నెట్టే టర్బో లేని ఇంజను. దాని బలమంతా కింది చుట్లలో ఉండి, పైకి పోతే ఆయాసం వచ్చేది. "అది మొత్తుకోకముందే గేరు మార్చు" అని కాక తొడ మీద చరిచేవాడు. ఇరవైలో మూడో గేరు, నలభై లోపే నాలుగో గేరు. మామ కారులో ఆ పని చేస్తే దగ్గుతూ ఆగిపోయేది. మరోవైపు, పై గేరులో మరీ మెల్లగా పోతూ ఒక్కసారిగా పెడల్ అడుగంటా తొక్కినా పనికిరాదు. లోపల గాలి చాలదు, పడిన డీజిల్ సగం కాలక వెనక నల్లటి మేఘం లేస్తుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న సన్నటి చోటును కాలితో వెతుక్కోవడమే డీజిల్ నేర్చుకోవడమంటే. ఎండాకాలం దాటేసరికి నేను చూడకుండానే చెయ్యి గేరు మీదికి పోవడం మొదలైంది.

హైదరాబాద్ నుంచి కర్నూలు, బెంగళూరు పోయే జాతీయ రహదారికి అప్పుడు 7 అని పేరు, ఇప్పుడు అది 44. ఆనాడు రానూపోనూ రెండే వరుసలు. జడ్చర్ల నుంచి భూత్పూర్, కొత్తకోట మీదుగా పెబ్బేరు దాకా ఒకదాని వెనక ఒకటిగా లారీలు. లారీని దాటడమే నాకు అసలైన పరీక్ష అయింది. మారుతిలో మూడో గేరుకు దిగి కాలు అదిమితే ఆ చిన్న బండి చివ్వున ముందుకు పోయేది. ఇండికాలో ఆ దారి మూసుకుపోయింది. లారీకి బాగా వెనకాల ఉండగానే, ఎదుటి రోడ్డు దూరం దాకా చూసి, ముందుగానే ఊపు తెచ్చుకుని, ఆ ఊపుతో పక్కకు తీసి దాటాలి. ఎదుట బస్సు కనబడితే మారు ఆలోచన లేకుండా మళ్లీ లారీ వెనక్కే రావాలి. నాయన వెనక సీట్లో పద్దుల పుస్తకం చూసుకుంటూ, తల ఎత్తకుండానే, "తొందరేమున్నది?" అనేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇంజను బలహీనత నాకు మేలే చేసిందనిపిస్తుంది, ఆ దారిలో అప్పట్లో జరిగిన ప్రమాదాల తీరు చూసినవాణ్ని కనుక.

బరువు గురించి రెండు ముక్కలు. మాది పవర్ స్టీరింగు లేని రకం. టన్నుకు అటూ ఇటూ బరువు, అందులో పెద్ద వాటా ముందు చక్రాల మీదే. నిలబడ్డ బండి స్టీరింగు తిప్పాలంటే భుజాలు పట్టేసేవి. బండిని కాస్త కదలనిస్తూ తిప్పాలని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

శ్రీశైలం ప్రయాణం మాత్రం విడిగా చెప్పుకోవాలి. శివరాత్రి దాటాక, జనం పలచబడ్డాక, అమ్మ, నాయన, అవ్వ, చిన్నమ్మ ఎక్కగా నేను నడిపాను. డ్రైవర్ కాక ఆరోజు రాలేదు. బిజినేపల్లి, నాగర్‌కర్నూలు, తెల్కపల్లి, అచ్చంపేట దాటి మన్ననూరు ఎక్కుడు మొదలయ్యేసరికి ఎండ ముదిరింది. ఐదుగురు మనుషులు, వెనక సామాను. పెట్రోలు బండి అయితే ఆ ఎక్కుడులో ఏ గేరులో ఉండాలన్నది మలుపు మలుపుకూ ఒక తగువు. ఇండికా రెండో గేరులో పడి, అదే శబ్దంతో, అదే నడకతో, మలుపు తర్వాత మలుపు ఎక్కుతూ పోయింది. కాలు మీద కాలు వేసుకున్నంత నిబ్బరంగా. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ అడవిదారి మూసేస్తారు. మేం పగలే పోయాం. కిటికీలు దించి, వటవర్లపల్లి దగ్గర కోతులను చూస్తూ, దోమలపెంట, ఈగలపెంట దాటాం. అక్కడి నుంచి కృష్ణ దాకా దిగుడు, ఆనకట్ట కింది వంతెన దాటాక మళ్లీ ఎక్కుడు. దిగుడులో బ్రేకు మీదే కాలు ఉంచొద్దని, ఎక్కిన గేరులోనే దిగమని కాక ముందురోజే చెప్పి పంపాడు. అవ్వ దారి పొడుగునా మల్లన్నను తలుచుకుంటూనే ఉంది; లింగాలగట్టు దగ్గర ఆగినప్పుడు మాత్రం బానెట్ మీద చెయ్యి వేసి, వేడికి వెనక్కి తీసుకుని, "పాపం, బాగ ఎక్కింది" అంది. బాయికాడి ఇంజను అన్న మనిషే.

డీజిల్ బండి పెట్టే ఇబ్బంది కూడా ఒకసారి కళ్లారా చూశాను. మా చిన్నాయన కొడుకు ఒక పెండ్లికని బండి తీసుకుపోయి, ట్యాంకు అడుగంటే దాకా తిప్పాడు. పెట్రోలు బండి అయితే సీసాలో తెచ్చి పోస్తే నడుస్తుంది. డీజిల్ బండిలో పైపుల్లోకి గాలి చొరబడితే, ట్యాంకు నింపినా పంపు ఆ గాలినే నొక్కుతూ కూర్చుంటుంది, నోజిల్‌కు చుక్క చేరదు. బిజినేపల్లి దగ్గర రోడ్డు పక్కన సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ నీరసించాక నాకు కబురు వచ్చింది. ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే ఉస్తాద్‌ను వెంటబెట్టుకుని పోయాను. ఆయన టార్చి నోట కరుచుకుని, ఫిల్టరు మీది చిన్న మర సగం వదులు చేసి, దాని నెత్తిన ఉన్న చేతిపంపును బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టాడు. మొదట మర సందు నుంచి నురగ వచ్చింది, సబ్బు నీళ్ల మాదిరి తెల్లగా. నొక్కుతూనే ఉన్నాడు. నురగ పలచబడి, బుడగలు పెద్దవై, ఆఖరికి బుడగ లేని డీజిల్ ధార కట్టింది. ఆ క్షణానే మర బిగించాడు. తర్వాత ఇంజను మీద నోజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి, నన్ను సెల్ఫ్ కొట్టమని, పిచికారి కనబడగానే బిగిస్తూ పోయాడు. మూడో నట్టు బిగిస్తుండగానే బండి గొణుక్కుంటూ లేచింది. ఉస్తాద్ డబ్బు తీసుకుంటూ మా తమ్ముడి వైపు చూసి, "పావు ట్యాంకుకు తక్కువ కానియ్యకు తమ్మీ" అని మాత్రం అన్నాడు. చేతులకు పట్టిన ఆ వాసన రెండు రోజులు పోలేదు, అన్నం ముద్దలో కూడా.

వింతేమిటంటే, రెండేళ్లు అలా నడిపాక మామ ఊరికి పోతూ తన మారుతి నాకు అప్పగించినప్పుడు, నేర్చుకున్న బండే నాకు కొత్తదయింది. ఇంజను నడుస్తున్నదో ఆగిందో తెలియదు. నేను ధీమాగా కుడికాలు కింద పెట్టి క్లచ్చి వదలడం, అది టక్కున ఆగిపోవడం, వెనక ఆటోవాడు హారన్ కొట్టడం. మామ వచ్చాక చెబితే, "డీజిల్ కాలు పడ్డదిరా నీకు" అని నవ్వాడు.

2012లో మేం కొన్న రెండో డీజిల్ కారు స్విఫ్ట్. దాన్ని నడపడానికి మరో విధమైన ఓపిక కావలసి వచ్చింది. 1248 సీసీ ఇంజను, నోజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ అందించే కామన్ రైల్ పద్ధతి, టర్బో. కింది చుట్లలో మందకొడిగా ఉండి, నిమిషానికి రెండు వేల చుట్ల దరిదాపుల్లో ఉన్నట్టుండి వీపు మీద చరిచినట్టు లాగేది. లారీలను దాటే బాధ తీరింది, పసుపు దీపం కోసం ఆగే పని దాదాపు పోయింది, కొట్టుడు తగ్గింది. మంచి బండి, కాదనను. కానీ ఇండికాకు ఉన్న ఈడ్పు, చెప్పిన మాట వినే ఆ నిదానం దానిలో నాకు దొరకలేదు. టర్బో పుంజుకునే లోపు ఉన్న ఆ చిన్న వెలితి వీధి మలుపుల్లో ఎప్పుడూ చికాకు పెట్టేది.

2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య తేడా తగ్గుతూ వచ్చేసరికి నాయన లెక్కకు ఆధారమే పోయింది. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగను కట్టడి చేసే బీఎస్ 6 నిబంధనలు వచ్చేసరికి, ఆ ఖర్చు భరించి చిన్న డీజిల్ కార్లు చేయడం గిట్టక మారుతి వంటి కంపెనీలు వాటిని మానేశాయి. ఇండికాను అంతకు చాలా ముందే దేవరకద్రలోని ఒక కూరగాయల వ్యాపారి కొనుక్కుపోయాడు. వెనక సీటు తీసేసి గంపలు వేసుకున్నాడని విన్నాను. నల్లటి పొగ వదిలే బండ్లు రోడ్డు మీద తగ్గినందుకు నాకు విచారమేమీ లేదు. మెట్టుగడ్డ సిగ్నలు దగ్గర దుమ్మూ పొగా పీల్చిన ఎవరికీ ఉండదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది మళ్లీ పెట్రోలు కారే. డ్యాష్‌బోర్డు మీద ఏ గేరు వేయాలో బాణం గుర్తుతో చెప్పే తెర కూడా ఉంది. నేను ముప్పైలోనే నాలుగో గేరు వేస్తాను. తెర మీద గేరు దించమని కిందికి బాణం వెలుగుతుంది. బండి సన్నగా వణుకుతుంది. పక్క సీట్లో మా అమ్మాయి, ఈ మధ్యనే లైసెన్సు తెచ్చుకున్నది, ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా "నాన్నా, గేరు దించండి, ఇది డీజిల్ కాదు" అంటుంది. దించుతాను. మళ్లీ వంద గజాలు పోయేసరికి చెయ్యి తనంతట తానే పై గేరు వేసేసి ఉంటుంది.